గిన్నెలో నీళ్లు

గుడ్డ గీత పెట్టదు, అంటుంది గుల్‌జీఫా అపా.
గుడ్డకీ ఉక్కుకీ మధ్య ఇరుక్కున్న ఇసుక రేణువు పెడుతుంది.
ముందు దాన్ని సాగనంపు.
తుడవడం ఆఖరి పని.

చిస్తొపోల్‌లో మా కిటికీ కింద
కామా నది ఇంకా గడ్డకట్టే ఉంది.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీలో
ఉక్కుకి అద్దపు మెరుగు పెట్టిన చేతులు ఆమెవి.
బొటనవేలి ముద్ర ఎప్పుడో అరిగిపోయింది,
సొంత ఫోనే ఆమెని గుర్తుపట్టదు.

ఆ మంగళవారం మన్సూర్ వచ్చాడు,
మంచుకి కన్నం పొడిచి చేపలు పట్టే మనిషి.
రుమాల్లోంచి తన గడియారం తీసి
"శుభ్రం చెయ్యాలి. గీత పడకూడదు" అన్నాడు.
అంతే మాటలు.
బూట్లకంటిన మంచు మా గుమ్మంలో కరిగింది.

నేను హా అని ఊది
చొక్కా అంచుతో రుద్దబోయాను.
చేతి మీద చిన్న దెబ్బ పడింది.
నీ ఊపిరి తడికి దుమ్ము బురదవుతుంది, పిల్లా,
ఆ బురదతో అద్దాన్ని దున్నుతావా?

సరే, మొదట్నుంచీ.
లోపలికి చుక్క పోకుండా పక్క బొడిపెను బిగించాను.
రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొట్టాను.
తెల్ల పింగాణీ గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్లు,
గోరువెచ్చన, సబ్బు ఒకే చుక్క.
తొలి పళ్లు వచ్చిన పిల్లలకి కొనే బ్రష్షు.
నెలల బిడ్డకి తల అంటినట్టు
మెడ పట్టుకుని, ఎక్కడా నొక్కకుండా.
టూత్‌పేస్టు వద్దు, వంటసోడా వద్దు,
మెత్తగా ఉందని కాగితం అసలే వద్దు,
అదీ ఒకప్పటి చెట్టే, దాని పీచుకి పళ్లుంటాయి.

గొలుసు కడియాల సందులో పసుపుపచ్చగా ఏదో,
ఎండి రాయైంది. మూడోసారికి కదిలింది.
మురికి అనుకున్నాను.
మురికిని నువ్వెవరు అని అడగాలని
నాకెవరూ చెప్పలేదు.

మళ్లీ మంచినీళ్లు. మళ్లీ గాలి.
అప్పుడు జింక తోలు, అద్దుతూ, రుద్దకుండా.
"గిన్నె పక్కన పెట్టు, పారబొయ్యకు."
మనిషి గుమ్మం దాటేదాకా
నీళ్లు ఉంచాలన్నది ఈ బల్ల నియమం,
ఆవగింజలో సగముండే పిన్నులు రాలుతుంటాయి మరి.

ఉక్కు పక్కలో కిటికీ పట్టింది, నది పట్టింది,
నా ముక్కు కూడా పట్టింది.

మన్సూర్ వెలుగుకి ఎత్తి చూశాడు.
గీత లేదు, ఒక్కటంటే ఒక్కటి లేదు.
తిరగేసి, మూడో కడియం దగ్గర
గోటితో వెతికాడు.
"ఇక్కడ పిండి ఉండేది" అన్నాడు.
"ఫనూజా చక్-చక్‌కి పిండి కలిపేటప్పుడు
తేనె పాకం నిమిషాలు చూడ్డానికి
నా గడియారమే పెట్టుకునేది.
ఎన్నిసార్లు తిట్టినా తీసేది కాదు."
టోపీ అటూ ఇటూ తిప్పాడు.
"పోనీలే అమ్మాయ్. శుభ్రం చెయ్యమంది నేనేగా."

నా చెవులు కాలిపోయాయి.
ఆ మూడు సార్లూ బ్రష్షు కదిలిన చప్పుడు
నాకు ఇప్పుడు వినబడింది.

అపా ఏమీ అనలేదు.
తలగుడ్డ విప్పి టీ వడపోత మీద పరిచింది,
గిన్నెని పాలగిన్నెలా వంచింది.
చివరి చుక్క దిగేసరికి చాలాసేపయింది.

బట్ట మీద రెండు నలుసులు.
దీపం కింద ఆరబెట్టింది.
ముగ్గురం టీ తాగాం, నది గురించి మాట్లాడుకున్నాం,
మంచు ఎన్ని వేళ్ల మందం ఉందో,
ఏ వారం విరుగుతుందో.

"ఈ పొలుసు నాది" అన్నాడు చివరికి.
"చేపని కోసిన రోజుదే అయ్యుంటుంది."
రెండోదాని గురించి ఏమీ అనలేదు.

పాత గడియారపు అద్దం ఒకటి బోర్లించి
అందులోకి జార్చబోతూ ఉంటే
అతను మరీ దగ్గరికి వంగాడు.
"ఊపిరి బిగబట్టు" అంది అపా, "ఎగిరిపోతుంది."

బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.
బల్ల మీద గడియారం ధగధగలాడుతోంది,
దాని వంక ఎవరం చూడలేదు.